కావలి కుర్రాడి ఏడు పెడల్స్: పాత రాక్ టోన్ కోసం ఒక కేస్ స్టడీ

ఏప్రిల్ ఆఖరి వారంలో కావలి నుంచి ఒక కుర్రాడు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోని నా గదికి వచ్చాడు. ఆటోలోంచి పెద్ద పెట్టె దింపుకున్నాడు. వయసు ఇరవై ఆరు. రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం, ఆదివారం చర్చిలో గిటార్. పెట్టె తెరిస్తే వరసగా ఏడు పెడల్స్ ఉన్నాయి, అంటే కాలితో నొక్కి గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న పెట్టెలు. చిన్న, పెద్ద శబ్దాలను సమం చేసే కంప్రెసర్. శబ్దాన్ని చీల్చి గరుకు చేసేవి మూడు: మెటల్ డిస్టార్షన్, ట్యూబ్ స్క్రీమర్ తరహా ఆకుపచ్చ ఓవర్‌డ్రైవ్, బిగ్ మఫ్ తరహా ఫజ్. ఒక గిటార్‌ను రెండు మూడుగా వినిపించే కోరస్, శబ్దాన్ని కాసేపాగి తిరిగి పలికించే డిజిటల్ డిలే, గది ప్రతిధ్వని ఇచ్చే రివెర్బ్. రెండేళ్లుగా జీతంలో మిగిల్చుకుని ఒక్కొక్కటిగా కొన్నవి.

"ఏం కావాలబ్బయ్యా?" అని అడిగాను.

"1970 నాటి బ్రిటిష్ రాక్ సౌండ్ నా. అన్నీ ఉన్నాయి, అదొక్కటే రావట్లా."

మే నాలుగో శనివారం సాయంత్రం నెల్లూరులో ఒక కాలేజీ పాత విద్యార్థులు లాన్‌లో కలుసుకుంటున్నారు. అక్కడ గంటసేపు వాయించాలి. డ్రమ్మరూ బాస్ వాయించేవాడూ ఒంగోలు వాళ్ళు. చేతిలో ఇంకో పదిహేను వేలున్నాయి, ఎనిమిదో పెడల్ ఏది కొనాలో చెప్పమన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి మూడు వారాలు పట్టింది. మధ్యలో నేనొక పెద్ద తప్పు చేశాను, అదీ రాస్తాను.

ముందుగా ఒక సంగతి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో గిటార్ వాయించేవాళ్ళలో ఎక్కువమంది చర్చి నుంచో ఆర్కెస్ట్రా నుంచో వచ్చినవాళ్ళే. వాళ్ళ గిటార్ వైరు తిన్నగా సౌండ్ మిక్సర్లోకి పోతుంది. మధ్యలో గిటార్ శబ్దాన్ని పెంచి తన సొంత స్పీకర్లోంచి పలికించే గిటార్ యాంప్ అనే వస్తువు ఉండదు. ఇంట్లో ఉంటే గింటే పదిహేను వాట్ల ప్రాక్టీస్ యాంప్. ఈ కుర్రాడిదీ అదే పరిస్థితి. తిప్పలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి.

ముందు ఈల సంగతి

బోర్డు కలిపి స్విచ్ వేయగానే, తీగ మీటకముందే స్పీకర్లోంచి సన్నగా ఈల, దాని వెనక బొంయ్‌మని మోత. ఏడింటికీ ఒకే అడాప్టర్, ఒకే వైరుకు ఏడు పిన్నులు. డిలే పెడల్ కరెంటు తీసేశాను, ఈల ఆగింది. తిరిగి పెట్టాను, వచ్చింది. డిజిటల్ పెడల్ లోపల నడిచే క్లాక్ చప్పుడు, ఉమ్మడి కరెంటు వైరు దారిన డిస్టార్షన్లోకి చేరుతోంది. డిస్టార్షన్ దాన్ని వందల రెట్లు పెంచి మనకు వినిపిస్తోంది. డిలేకు విడిగా కరెంటు ఇస్తే సరిపోయే జబ్బు ఇది. నెలరోజులుగా వాడు దీన్ని గిటార్ జబ్బు అనుకుని, తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్‌ను మార్చాలని చూస్తున్నాడట.

మోత వేరే కథ. గిటార్ పట్టుకుని కుర్చీలో గుండ్రంగా తిరగమన్నాను. ఒక దిక్కుకు తిరిగితే తగ్గింది, ఇంకో దిక్కుకు పెరిగింది. అంటే ఒకే వైరు చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ గాలిలోంచి 50 హెర్ట్జ్ కరెంటు మోతను పట్టుకుంటోంది. ఫ్యాన్ రెగ్యులేటర్ ఆపితే ఇంకొంచెం తగ్గింది. ఇది సింగిల్ కాయిల్‌కు పుట్టుకతో వచ్చిన గుణం, పూర్తిగా పోదు.

కానీ ఇంట్లో మోత ఇంతకు మూడింతలుంటుందన్నాడు. పైగా "మైక్‌కి పెదవి తగిలితే చురుక్కుమంటుంది నా" అన్నాడు. ఆ మాట విన్నాక ఊరుకోలేక ఆదివారం మధ్యాహ్నం కావలి వెళ్ళాను. ప్లగ్ బోర్డులో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య మీటర్ 232 చూపింది. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 96. ఎర్త్ సరిగా ఉంటే రెండూ ఇంచుమించు ఒకటే రావాలి. మూడో కన్నం ఉంది గానీ దాని వెనక వైరు లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్త్ వేయించాకే మిగతా పని అన్నాను. పెడల్ గురించి వచ్చినవాడికి ఇది విసుగ్గానే ఉంటుంది. ఒక చెయ్యి తీగల మీద, పెదవి మైక్ మీద పెట్టేవాడికి ఎర్త్ లేకపోవడం ప్రాణం మీదికి వచ్చే విషయం.

గిటార్ జాక్, వాల్యూమ్ నాబ్ కూడా గరగరమంటున్నాయి. ఉప్పుగాలి ఊళ్ళలో ఇది మామూలే. కాంటాక్ట్ క్లీనర్‌తో పది నిమిషాల పని.

కందిరీగల గుంపు

చప్పుడు తగ్గాక అసలు టోన్ విన్నాను. చర్చిలో ఎలా కలుపుతాడో అలాగే కలపమన్నాను. బోర్డు నుంచి మిక్సర్, మిక్సర్ నుంచి సభల్లో పెట్టే పీఏ స్పీకర్, అందులో సన్నటి శబ్దాలను పలికే హారన్. ఓవర్‌డ్రైవ్ వేసి ఒక కార్డ్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి, కొట్టాడు. కందిరీగల తుట్టె కదిలించినట్టుంది.

గిటార్ యాంప్‌లో ఉండే పన్నెండంగుళాల స్పీకర్ మామూలు స్పీకర్ లాంటిది కాదు. ఆ రోజుల మార్షల్ యాంప్‌ల స్పీకర్ పెట్టెల్లో వాడిన సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ 75 హెర్ట్జ్ నుంచి సుమారు 5,000 హెర్ట్జ్ వరకే పలుకుతుంది. ఆ పైన ఉన్న గరుకునంతా అదే మింగేస్తుంది. పీఏ హారన్ పదిహేను వేల దాకా నిజాయితీగా పలుకుతుంది, అంటే డిస్టార్షన్‌లోని ప్రతి గీకుడూ బయటికి వస్తుంది. ఏ పెడల్ పెట్టినా, ఎంత ఖరీదైనది పెట్టినా, ఈ దారిలో కందిరీగలే వస్తాయి.

ఖర్చు లేకుండా దీన్ని రుజువు చేయొచ్చు. మిక్సర్‌కు ఉన్న గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో ఒక్కో కర్ర ఒక్కో స్థాయి శబ్దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. 8 కే (అంటే 8,000 హెర్ట్జ్), 16 కే కర్రలు పూర్తిగా కిందికి లాగి, 4 కే కొంచెం దించి, అదే కార్డ్ మళ్ళీ కొట్టించాను. కుర్రాడు గిటార్ వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

"పెడల్ మార్చలేదు కదా నా?"

లేదు. స్పీకర్ చేయాల్సిన పనిని మూడు కర్రలు అరకొరగా చేశాయంతే. అందుకే పెడల్స్ ఎంచుకునేటప్పుడు నేను చివర నుంచి వెనక్కి వస్తాను. శబ్దం ఏ స్పీకర్లోంచి వస్తుంది? దానికి ముందు యాంప్ ఉందా? లేకపోతే యాంప్ స్థానంలో ఏముంది? ఈ రెండూ తేలాకే గిటార్ పక్కనుండే చిన్న పెట్టెల సంగతి. మనవాళ్ళు గిటార్ దగ్గర మొదలుపెట్టి కొంటూ పోతారు, డబ్బులు చివరిదాకా రావు.

పుట్టిన సంవత్సరం చూసి ఏరివేత

కావలసిన సౌండ్ 1969 నుంచి 1973 మధ్యది. నేను ఎప్పుడూ చేసే మొదటి ఏరివేత ఏమిటంటే, ఆ సౌండ్ పుట్టిన నాటికి ఆ పెట్టె పుట్టిందా అని చూడటం. మొదటి కోరస్ పెడల్, బాస్ (Boss) కంపెనీ సీఈ-1, వచ్చింది 1976లో. కోరస్ పక్కకు పోయింది. మెటల్ డిస్టార్షన్ గురించి చెప్పనక్కర్లేదు. శబ్దాన్ని సుడి తిప్పినట్టు వినిపించే ఫేజర్ కొందామని మనసులో ఉందట. అందరికీ తెలిసిన ఎంఎక్స్ఆర్ ఫేజ్ 90 1974 నాటిది, కాబట్టి అదీ వద్దన్నాను.

మరి ఆ కాలంలో ఏమున్నాయి? ఫజ్, పాదంతో ఊపితే 'వా వా' అనే వా, సన్నటి శబ్దాలను పెంచే ట్రెబుల్ బూస్టర్, శబ్దాన్ని అలలా ఊపే యూనివైబ్, టేపు మీద రికార్డు చేసి తిరిగి వినిపించే టేప్ ఎకో. ఇంచుమించు అంతే. హెండ్రిక్స్ వాడినవి ఫజ్ ఫేస్, వా, యూనివైబ్, వాటి వెనక మార్షల్. బ్లాక్ సబ్బాత్‌లో టోనీ ఐయోమీ ట్రెబుల్ బూస్టర్‌ను లేనీ యాంప్‌లోకి పంపాడు. క్వీన్‌లో బ్రయాన్ మే కూడా ట్రెబుల్ బూస్టరే, వెనక వాక్స్ ఏసీ30 యాంప్. చిన్న పెట్టెలు వేరువేరు. వెనక గట్టిగా మోగే ట్యూబ్ యాంప్ మాత్రం అందరికీ ఉంది. మార్షల్ సూపర్ లీడ్ 100 వాట్లు, దానికి మాస్టర్ వాల్యూమ్ లేదు. ఆ డిస్టార్షన్ రావాలంటే యాంప్‌ను పూర్తిగా తెరవాల్సిందే. అలాంటి దాన్ని కావలి ఇంట్లో తెరిస్తే వీధి వీధంతా గుమ్మం ముందుంటుంది.

ఈ లెక్కన ఆకుపచ్చ ఓవర్‌డ్రైవ్ కూడా పోవాలి. ట్యూబ్ స్క్రీమర్ 1970ల చివర్లో వచ్చింది. అయినా దాన్ని ఉంచాను, ఎందుకో కింద చెబుతాను.

బిగ్ మఫ్ తరహా ఫజ్ మీద చిన్న వాదన జరిగింది. గదిలో ఒంటరిగా వాయిస్తే అది ఏనుగంత ఉంటుంది. నేను ఫోన్‌లో డ్రమ్స్, బాస్ ట్రాక్ పెట్టి దాంతోపాటు వాయించమన్నాను. గిటార్ మాయమైంది. నాలుగు ట్రాన్సిస్టర్ల ఆ సర్క్యూట్‌లో టోన్ కంట్రోల్ మధ్య స్థాయులను బాగా తొలిచేస్తుంది. గిటార్ బతికేది ఆ మధ్యలోనే. కింద బాస్ ఉంటుంది, పైన సింబల్స్ ఉంటాయి. ఆరుబయట లాన్‌లో ఇది ఇంకా ఘోరం.

ఎనిమిదో పెడల్

కొనాల్సింది యాంప్ పని చేసే పెడల్. ప్లెక్సీ అని పిలిచే పాత మార్షల్ యాంప్ తరహాలో పలుకుతూ, లోపలే గిటార్ స్పీకర్‌ను అనుకరించే స్పీకర్ సిమ్యులేషన్ ఉన్నది. గిటారిస్టులు క్యాబ్ సిమ్ అంటారు. నా దగ్గర ఉన్నవీ, అరువు తెచ్చినవీ కలిపి మూడు పెట్టి వారం పాటు విన్నాం. బ్రాండ్ల పేర్లు రాయను, మోడళ్లు ఆరు నెలలకోసారి మారిపోతున్నాయి. పరీక్షలు మాత్రం రాస్తాను.

మొదటిది, గిటార్ వాల్యూమ్ పదిలో ఉంచి కింది ఫ్రెట్లలో E మేజర్ కార్డ్ మొత్తం ఆరు తీగలూ కొట్టడం. ఒక్కో స్వరం విడిగా వినిపించాలి. ముద్ద అయిపోతే గెయిన్, అంటే డిస్టార్షన్ మోతాదు, ఎక్కువైనట్టు. రెండోది, పెడల్ ముట్టుకోకుండా గిటార్ వాల్యూమ్ ఐదుకు దించడం. శబ్దం చిన్నది కావడమే కాదు, శుభ్రంగా కూడా కావాలి. ఒక పెడల్ మొదటి పరీక్షలో పోయింది, ఇంకోటి రెండోదాంట్లో. మిగిలిన మూడోదే కొన్నాం, ఎనిమిది వేలు అయింది.

గెయిన్ ఎంత పెట్టాలన్న దగ్గర కుర్రాడు చాలా రోజులు ఒప్పుకోలేదు. నాబ్‌ను గడియారం ముల్లు అనుకుంటే వాడు రెండు గంటల దగ్గర పెడతాడు, నేను పదిన్నరకు తిప్పుతాను. పాత రికార్డుల్లో మనం గుర్తుపెట్టుకున్నదానికంటే డిస్టార్షన్ తక్కువ. చేతి దెబ్బ, స్పీకర్ ఊపు కలిసి పెద్దదిగా వినిపిస్తుంది. కావాలంటే ఆ రికార్డు హెడ్‌ఫోన్‌లో విని, వెంటనే నీది విను అన్నాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి "పదకొండు నా" అన్నాడు. సరే, పదకొండు.

గిటార్‌లో తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గర మాత్రం హంబకర్ ఉంది, అంటే మోత తగ్గేలా రెండు చుట్టలతో చేసిన పికప్. మీటర్ పెడితే 14.6 కిలో ఓమ్‌లు. 1950ల చివరి గిబ్సన్ హంబకర్లు ఎక్కువగా ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య ఉండేవి. ఇది మెటల్ కోసం ఎక్కువ చుట్లు చుట్టి, ఎక్కువ సిగ్నల్ ఇచ్చేలా చేసిన పికప్. మార్చడానికి డబ్బు లేదు, అవసరమూ లేదనిపించింది. స్క్రూడ్రైవర్‌తో తీగలకు ఒకటిన్నర మిల్లీమీటరు దూరం జరిపి, వాల్యూమ్‌ను ఏడు దగ్గర ఉంచి వాయించమన్నాను. ఈ పని ఉచితం, ప్రతి గిటార్ మీదా ముందు ఇదే చేయాలి.

ఇప్పుడు ఆకుపచ్చ పెట్టె. దాన్ని డిస్టార్షన్‌గా వాడితే ముక్కుతో పాడినట్టుంటుంది, ఎందుకంటే సుమారు 720 హెర్ట్జ్ దగ్గర అది మూపురంలా లేస్తుంది, కింది బాస్‌ను కోస్తుంది. అదే పెట్టెను ప్లెక్సీ పెడల్ ముందు పెట్టి, డ్రైవ్ సున్నా చేసి, లెవెల్ పూర్తిగా తెరిస్తే సోలో వచ్చేసరికి గిటార్ ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడుతుంది. పాతవాళ్ళకు ట్రెబుల్ బూస్టర్ చేసిన పనికి ఇది దగ్గరి చుట్టం. కాలం తప్పినా అందుకే ఉంచాను. పైగా కొన్నదాన్ని అమ్మించడం నాకు నచ్చదు.

నా తప్పు: జెర్మేనియం

ఇక ఫజ్. ఇక్కడ నేను సరదా పడ్డాను. 1966లో లండన్‌లో ఆర్బిటర్ తెచ్చిన ఫజ్ ఫేస్‌లో ఉన్నవి రెండే రెండు ట్రాన్సిస్టర్లు, మొదట్లో జెర్మేనియం అనే పదార్థంతో చేసినవి. పాత ట్రాన్సిస్టర్ రేడియో బోర్డుల్లోంచి పీకిన ఏసీ128లు నా డబ్బాలో ఓ ఇరవై ఉన్నాయి. వాటిలో గెయిన్ కుదిరిన జత ఏరి, ఒక రాత్రి కూర్చుని పెట్టె కట్టాను. రెండో ట్రాన్సిస్టర్ మూడు కాళ్ళలో కలెక్టర్ అనే కాలి మీద బ్యాటరీలో సగం, అంటే నాలుగున్నర వోల్టుల దగ్గర ఉండాలి. నా ఏసీ గదిలో సరిగ్గా కుదిరింది. వాల్యూమ్ ఆరుకు దించితే గాజులా మోగింది, పదికి పెంచితే చీరుకుపోయింది. కుర్రాడి కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ.

దాంతో రెండు జాగ్రత్తలు చెప్పాను. ఇది గిటార్ తర్వాత మొట్టమొదట ఉండాలి. ఫజ్ ఫేస్ గిటార్ పికప్‌ను తన సర్క్యూట్‌లో భాగంగా చేసుకుంటుంది. మధ్యలో బఫర్, అంటే సిగ్నల్‌ను బలపరిచే చిన్న సర్క్యూట్, ఉన్న పెడల్ వస్తే, అది ఆపి ఉన్నా సరే, ఆ బంధం తెగి గీరుకున్న శబ్దం వస్తుంది. వాడి కంప్రెసర్ సరిగ్గా అక్కడే ఉండేది. రెండోది, ఈ పాత ట్రాన్సిస్టర్లు పీఎన్‌పీ రకం, పాజిటివ్ వైపు గ్రౌండ్. మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్ వైరు పంచుకుంటే షార్ట్ అవుతుంది. దీనికి విడిగా తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెట్టాలి.

మూడో జాగ్రత్త చెప్పలేదు, నాకే తట్టలేదు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి లాన్‌లో రిహార్సల్. రోహిణి కార్తె ముంగిట్లో నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పాలా? స్టేజీ రేకు కింద నల్ల ఇనుప పెట్టె అరగంట ఉంది. మొదటి పాటలోనే ఫజ్ గొంతు పట్టుకున్నట్టు అయింది. స్వరం మొదలవుతుంది, తుంపులు తుంపులుగా తెగుతుంది, ఆగిపోతుంది. కుర్రాడు బ్యాటరీ మార్చాడు, వైరు మార్చాడు. నేను పెట్టె ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

జెర్మేనియంలో ఏమీ వాయించకపోయినా కొంత కరెంటు కారుతూ ఉంటుంది. వేడి పెరిగే కొద్దీ ఆ కారడం బాగా పెరుగుతుంది, గెయిన్ కూడా మారుతుంది. సగం దగ్గర నిలబెట్టిన వోల్టేజీ ఇక అక్కడ నిలవదు. ఇంగ్లండ్ చలిలో పుట్టిన సర్క్యూట్‌ను మే నెల నెల్లూరుకు తెచ్చి, ఏసీ గదిలో కొలిచి, ఎండలో పెట్టింది నేను. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో బతికి కూడా అది గుర్తురాలేదు.

ఆ రాత్రి అదే సర్క్యూట్‌ను బీసీ108 సిలికాన్ ట్రాన్సిస్టర్లతో మళ్ళీ కట్టాను. చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఎప్పుడో కొన్నవి అరలో ఉన్నాయి. ఆర్బిటర్ కూడా తర్వాత సిలికాన్‌కే మారింది, హెండ్రిక్స్ రెండు రకాలూ వాడాడు. సిలికాన్‌లో కారే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. శబ్దం కొంచెం పదునుగా ఉంటుంది, గిటార్ టోన్ నాబ్ ఆరుకు దించితే సర్దుకుంటుంది. రేడియో స్టేషన్లు పట్టకుండా ఒక చిన్న కెపాసిటర్ వేయాలి, లేకపోతే సోలో మధ్యలో వార్తలు వినిపించే ప్రమాదముంది. ఇవి ఎన్‌పీఎన్ రకం, నెగెటివ్ వైపు గ్రౌండ్, కాబట్టి పెట్టె మిగతావాటిలాగే అడాప్టర్ మీద నడుస్తుంది. పొద్దున హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి కొట్టి పరీక్షించాను. ఈ పరీక్ష వారం ముందు చేసుంటే నిద్ర దక్కేది.

శనివారం

చివరికి వేదిక మీద ఉన్నవి నాలుగు. సిలికాన్ ఫజ్, ఆకుపచ్చ ఓవర్‌డ్రైవ్, ప్లెక్సీ పెడల్, వాడి పాత డిలే. డిలే ఒక్క రిపీట్, మూడు వందల మిల్లీసెకన్లు, టోన్ బాగా మసకగా పెట్టాం, టేప్ ఎకోలో తిరిగొచ్చే శబ్దం అలాగే మసకగా ఉంటుంది కాబట్టి. ఒక్కో పెడల్‌కు విడిగా కరెంటు ఇచ్చే పవర్ సప్లైకి మూడున్నర వేలు, వైర్లకు పన్నెండు వందలు. పదిహేను వేలల్లో ఇంకా రెండు వేల చిల్లర మిగిలింది. మిక్సర్ దూరంగా ఉంది కాబట్టి మధ్యలో సిగ్నల్‌ను పొడుగు వైరుకు తగ్గట్టు మార్చే నా డీఐ బాక్స్ పెట్టి, సిగ్నల్ వైరు గ్రౌండ్‌ను విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కాం. జనరేటర్ కరెంటు అయినా మోత లేదు.

ఒక ఇబ్బంది వచ్చింది. సౌండ్ చూసే ఆయన అలవాటు కొద్దీ గిటార్ ఛానెల్‌లో ట్రెబుల్ పెంచాడు. రెండో పాటలో కందిరీగలు మళ్ళీ లేచాయి. నేను వెళ్ళి "అన్నా, ఈ ఒక్క ఛానెల్ నడిమికి ఉంచండి" అని బతిమాలితే తగ్గించాడు. తర్వాత బాగుంది. నలభై దాటిన పాత విద్యార్థులు కొందరు ముందుకొచ్చి నిలబడ్డారు.

ఒకటి మాత్రం ఇవ్వలేకపోయాను. స్వరం పట్టుకుని యాంప్ ఎదుట నిలబడితే అది తనంతట తాను ఊళ పెడుతూ సాగే ఫీడ్‌బ్యాక్ వాడికి కావాలి. అది స్పీకర్ గాలి తీగలను కదిలిస్తే వచ్చేది. వాడి వెనక స్పీకర్ లేదు, పీఏ బాక్సులు పది అడుగుల ముందు జనం వైపు తిరిగి ఉన్నాయి. ఏ పెడల్ కొన్నా ఇది రాదని ముందే చెప్పాను, అయినా రెండుసార్లు ప్రయత్నించాడు.

మెటల్ డిస్టార్షన్, పెద్ద ఫజ్ జూన్‌లో అమ్మేశాడు. కోరస్, రివెర్బ్ చర్చి పాటలకు ఉంచుకున్నాడు, అక్కడ అవి బాగుంటాయి. కంప్రెసర్ నా అరలో ఉంది, ఎవరికైనా కావాలంటే ఇవ్వమన్నాడు.

డిసెంబరు రెండో వారంలో క్రిస్మస్ ప్రాక్టీసు మధ్యలో వచ్చాడు. జెర్మేనియం పెట్టె అడిగాడు. "చలి పడింది కదా నా, ఇప్పుడు పని చేస్తాదా?" రాత్రి తొమ్మిదింటికి గది తలుపులు తెరిచి, ఏసీ ఆపి, మీటర్ పెట్టాం. 4.4 చూపింది. బ్యాటరీలు రెండు ఇచ్చి పంపించాను.